గుండుసూది పద్దు

మా ఊరు కొండపి వైపు. పొగాకు ఊరు. ఆకు కొట్టి, కర్రలకి అల్లి, ఆకు కాల్చే బ్యారన్‌కెక్కించి, గ్రేడు చేసి, వేలంలో అమ్మి డబ్బు చేతికొచ్చేదాకా మా ఇంట్లోకి ఏది కావాలన్నా కొట్టులో పద్దే. ఏడాదికోసారి కొట్టాయన ఆ పద్దు చదివేవాడు. నూనె, పప్పు, బెల్లం, కిరసనాయిలు దాకా నాన్న తలూపుతూ వినేవాడు. "జడరిబ్బను రెండు మూరలు, హుక్కుల అట్ట ఒకటి, పిన్నీసులు డజను" అనగానే అమ్మ వైపు చూసేవాడు. "ఈ సోకులకి కాదూ అప్పులయ్యేది?" అనేవాడు. అమ్మ మాట్లాడేది కాదు. ఎరువుల బాకీ, బ్యారన్‌కి తెచ్చిన బొగ్గు బాకీ పక్కన ఆ రిబ్బను ఖరీదెంత? ఆ లెక్క ఆ రోజు ఎవరూ వెయ్యలేదు.

ఇప్పుడు నేనుండేది ఆ పొగాకుకి పేరిచ్చిన అమెరికా రాష్ట్రం వర్జీనియాలోనే. రిచ్‌మండ్ నుంచి గంట ప్రయాణంలో విలియమ్స్‌బర్గ్ ఉంది. బ్రిటిషు వాళ్ళ కాలంలో వర్జీనియా రాజధాని అది. ఆ ఊరి పెద్ద వీధిలో ప్రెంటిస్ కొట్టు అని ఇటుక కట్టడం ఒకటుంది. 1740 నాటిది. మధ్యలో పెట్రోలు బంకుగా కూడా వాడారు కాబట్టి కూలిపోకుండా మిగిలింది. ముందుగదిలో పక్కగోడలకి కిటికీలు పెట్టలేదు, గోడల పొడవునా సరుకుల అరలు పట్టాలని. పక్క కిటికీలన్నీ వెనక భాగానికి, గుమాస్తా కూర్చుని పద్దులు రాసుకునే గదికి పెట్టారు. వెలుతురు ఎవరికి అవసరమో ఆ కట్టినాయనకి బాగా తెలుసు అనుకున్నాను.

అక్కడ నా పక్కన నిలబడ్డ పెద్దాయన మనవడితో అంటున్నాడు, "ఆ రోజుల్లో అన్నీ ఇంట్లోనే చేసుకునేవాళ్ళురా, నూలు వడికి, గుడ్డ నేసి, కుట్టుకుని, కొట్టు మీద ఆధారపడకుండా బతికారు" అని. ఈ మాట ఇక్కడ చాలామంది నోట విన్నాను. ప్రేమగా చెప్పుకునే మాటే. కానీ తప్పు. ఆ తప్పు వల్ల కొందరు మనుషులు చరిత్రలోంచి జారిపోతున్నారు, నా బాధ అది.

ఆ కాలపు కొట్లు ఎలా నడిచేవో చెబితేగాని ఇది తేలదు. వర్జీనియాలో పెద్ద కమతాల దొరలు పొగాకుని ఓడలకెక్కించి లండన్ ఏజెంట్లకి పంపేవారు. అది అమ్మి, వచ్చిన డబ్బుతో ఫలానా సరుకులు కొని పంపమని జాబితా రాసేవారు. జార్జి వాషింగ్టన్ కూడా అలాగే తెప్పించుకునేవాడు. తన తాతల కాలంలో వాడిన రకం వస్తువులు పంపుతున్నారని 1760లో తన ఏజెంట్లకి కోపంగా ఉత్తరం కూడా రాశాడు. చిన్న రైతుకి ఆ దారి లేదు. అతని కోసం వచ్చినవి స్కాట్లండ్ వాళ్ళ కొట్లు. 1707లో ఇంగ్లండు, స్కాట్లండు ఒక్కటయ్యాక గ్లాస్గో వర్తకులకి అమెరికా వ్యాపారం తెరుచుకుంది. ఫాల్మత్, డంఫ్రీస్, కాల్చెస్టర్ లాంటి నది రేవుల్లో వాళ్ళు గుమాస్తాలని పెట్టి కొట్లు తెరిచారు. రైతు వెయ్యి పౌండ్ల బరువుండే పొగాకు పీపాని దొర్లించుకొచ్చి గోదాములో తనిఖీ చేయించుకుంటే రసీదు ఇచ్చేవారు. 1730 చట్టం తర్వాత ఆ రసీదే డబ్బులా చేతులు మారింది. అది కొట్టులో జమ అయ్యేది. జమ కాకముందే ఏడాది పొడవునా సరుకు అరువు మీద ఇంటికి పోయేది. చదువుతుంటే కొండపి వేలం కేంద్రం ముందు బళ్ళ వరస కళ్ళ ముందు మెదిలింది.

గ్లాస్గో వర్తకుల్లో ఒకరైన గ్లాస్‌ఫర్డ్ కంపెనీ కొట్ల చిట్టాలు, ఆవర్జాలు ఇప్పటికీ అమెరికా జాతీయ గ్రంథాలయంలో ఉన్నాయి. అలాంటి చిట్టాల్లో రమ్ము, ఉప్పు, మేకులు, తుపాకి మందు ఉంటాయి. వాటి మధ్య, దాదాపు ప్రతి పుటలో, ఒంటి మీదకి కావలసిన చిల్లర సామాను ఉంటుంది. బొత్తాల డజన్లు, గుండుసూదుల కాగితాలు, దారపు ఉండలు, సూదులు, మేజోళ్ళు, మేజోళ్ళు జారకుండా మోకాలి కింద కట్టుకునే పట్టీలు, చెప్పుల బకిళ్ళు, రిబ్బన్లు, దువ్వెనలు, తోలు చేతితొడుగులు, ఫెల్టు టోపీలు, రుమాళ్ళు. అన్నీ ఇంట్లోనే చేసుకునే మనుషులైతే ఇవన్నీ ఎవరు కొన్నట్టు?

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా పట్టి నిలబెట్టింది గుండుసూది.

అప్పటి ఆడవాళ్ళ గౌనుకి ముందువైపు బొత్తాలుండేవి కావు. లోపల బిగుతు రవికెలాంటిది తొడుక్కుని, దానిమీద గౌను అంచులు రెండూ దగ్గరికి లాగి, పైనుంచి కిందికి వరసగా గుండుసూదులు గుచ్చుకునేవారు. మెడమీద రుమాలు నిలవడానికి సూది. ఏప్రన్ పైభాగానికి సూది. టోపీకి రిబ్బను నిలపడానికి సూది. పసిపిల్లల గుడ్డలకీ సూదే, అదీ మన పిన్నీసులా మొన మూసుకునేది కాదు. రోజూ పొద్దున గుచ్చుకోవడం, రాత్రి తీసి దిండులాంటి దానికి గుచ్చి దాచుకోవడం. ఒకటి కింద పడితే వెతుక్కునేవారు, దొరక్కపోతే అది చెక్కల సందుల్లోకి జారేది. ఆ కాలపు ఇళ్ళ నేలలు తవ్విన పురావస్తు శాఖల వాళ్ళకి ఇప్పటికీ దొరికేవి అవే.

ఒకటి దగ్గరగా చూశాను. ఇత్తడి తీగ, పైన తగరం పూత. తల విడిగా చేసింది. సన్నటి తీగని రెండు చుట్లు చుట్టి, కాడకి తొడిగి, దెబ్బకొట్టి బిగించారు. భూతద్దంలో ఆ రెండు చుట్లూ స్పష్టంగా కనిపిస్తాయి, చిన్న తలపాగా చుట్టినట్టు. అంత చిన్న వస్తువుకి తీగ లాగేవాడొకడు, తిన్నగా చేసేవాడొకడు, కోసేవాడొకడు, మొన నూరేవాడొకడు, తల చుట్టేవాడొకడు. పదిమంది పని పంచుకుంటే రోజుకి 48,000 సూదులు చేస్తారని అర్థశాస్త్రవేత్త ఆడమ్ స్మిత్ 1776లో రాసింది ఈ సూది గురించే. ఆయన అంతకు ముందు పాఠాలు చెప్పిన ఊరు గ్లాస్గో. వర్జీనియా రేవుల్లో కొట్లు తెరిచిన వర్తకుల ఊరు.

ఇప్పుడు ఆ పెద్దాయన మాటకి వద్దాం. రాట్నం చాలా ఇళ్ళలో ఉండేది. మగ్గం అన్ని ఇళ్ళలో లేదు. రెండూ ఉన్న ఇంట్లో సైతం గుడ్డ దిగుతుంది గాని గుండుసూది దిగదు, సూది దిగదు, బకిల్ దిగదు. గుడ్డని బట్టగా మార్చేది, ఒంటిమీద నిలిపేది ఈ చిల్లర సామానే. అది బ్రిస్టల్ నుంచో బర్మింగ్‌హామ్ నుంచో రావాలి. బకిళ్ళ సంగతే చూడండి. చెప్పులు అరిగిపోతే బకిల్ ఊడదీసి కొత్త జోడుకి పెట్టుకునేవారు. (అప్పటి జోళ్ళకి చాలావరకు కుడి ఎడమల తేడా ఉండేది కాదు, రెండూ ఒకే అచ్చు.) బీదవాడికి ఇనుము, ఇత్తడి, డబ్బున్నవాడికి వెండి, రాళ్ళు పొదిగినవి. బోస్టన్‌లో కంసాలి పని చేసిన పాల్ రివీర్ కూడా బకిళ్ళు, చేతి బొత్తాలు చేసి అమ్మాడు. ఫిలడెల్ఫియాలో కాస్పర్ విస్టర్ అనే జర్మన్ వలసదారు ఇత్తడి బొత్తాలు చేసి బాగా సంపాదించాడు. ఇక్కడ చెయ్యగలవాళ్ళు లేక కాదు. కాని కొట్టు అరల్లో రాశులు పోసింది మాత్రం ఇంగ్లండు సరుకే.

చేస్తే ఊరుకోని సందర్భాలూ ఉన్నాయి. టోపీ మంచి ఉదాహరణ. టోపీకి కావలసిన బీవర్ అనే జంతువు బొచ్చు అమెరికా అడవులదే. అది ఓడెక్కి ఇంగ్లండు పోయి, టోపీగా తిరిగొచ్చి, కొట్టులో అరువు మీద అమ్ముడయ్యేది. ఇక్కడివాళ్ళు టోపీలు బాగా చేస్తున్నారని లండన్ టోపీల వాళ్ళు మొరపెట్టుకుంటే 1732లో చట్టం తెచ్చారు. ఒక వలస ప్రాంతంలో చేసిన టోపీ పక్క ప్రాంతానికి కూడా పంపకూడదు, ఒక్కో పనివాడి దగ్గర ఇద్దరికి మించి శిష్యులుండకూడదు. ఈ సంగతి చదివి పత్తి, మాంచెస్టరు బట్టల కథ గుర్తుకు రాని తెలుగువాళ్ళుంటారా?

అందుకే తిరుగుబాటు కూడా ఈ చిల్లర సామాను దగ్గరే మొదలైంది. 1766లో బెంజమిన్ ఫ్రాంక్లిన్‌ని పార్లమెంటులో నిలబెట్టి, అమెరికన్లు ఇదివరకు దేన్ని చూసుకుని గర్వపడేవారు అని అడిగారు. బ్రిటను ఫ్యాషన్లు, బ్రిటను సరుకులు వాడటాన్ని అన్నాడు. మరి ఇప్పుడో అంటే, కొత్తవి చేసుకునేదాకా పాతబట్టలే మళ్ళీ కట్టుకోవడాన్ని అన్నాడు. మరుసటి ఏడాది అక్టోబరులో బోస్టన్ పౌరులు సభ పెట్టి, కొనకూడని సరుకుల జాబితా రాసుకున్నారు. టోపీలు, చేతితొడుగులు, జోళ్ళు, లేసు, బంగారు వెండి బొత్తాలు, ఆడవాళ్ళ అలంకరణ సామాగ్రి అందులో ఉన్నాయి. నూలు వడికే సభలు జరిగాయి, ఇంటి నేత గుడ్డ కట్టుకోవడం గౌరవమైంది. మన ఖద్దరు ఉద్యమం తెలిసినవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు. ఆ త్యాగం నిజమైనదే, నేను తక్కువ చెయ్యను. కానీ ఇంటి నేత అనే మాట వాళ్ళకి గర్వకారణం అయిందంటేనే, అంతకుముందు కొట్టు మీద ఎంతగా ఆధారపడ్డారో తెలుస్తోంది. ఎప్పుడూ ఇంట్లోనే చేసుకునేవాళ్ళు అలా చేసుకోవడాన్ని ప్రతిజ్ఞగా తీసుకోనక్కర్లేదు.

1775 వేసవికి బ్రిటనుతో యుద్ధం మొదలైంది. బోస్టన్ రేవు అంతకు ముందు ఏడాదే మూతపడింది. తర్వాత అమెరికా రెండో అధ్యక్షుడైన జాన్ ఆడమ్స్ ఫిలడెల్ఫియాలో కాంగ్రెసు సమావేశాల్లో ఉన్నాడు. భార్య అబిగైల్ ఇంటిదగ్గర నుంచి రాజకీయాలు, దండు కదలికలు అన్నీ రాస్తూ ఒక ఉత్తరంలో గుండుసూదుల కట్ట ఒకటి కొని పెట్టెలో వేసుకురమ్మని అడిగింది. ఇదివరకు ఏడున్నర షిల్లింగులకి వచ్చే సూదులు ఇప్పుడు ఇరవై షిల్లింగులిచ్చినా దొరకడం లేదు అని, కట్టలో ఆరు వేల సూదులుంటాయని రాసింది. ఇది మామూలు ఇల్లాలు సరదాకి అడిగిన వస్తువని అనుకునేవాళ్ళుంటారు. సూదులు లేకపోతే ఆమె ఒంటిమీద గౌను నిలవదు. పిల్లల గుడ్డ నిలవదు. దేశం పుట్టే రోజుల్లో ఆ దేశపు పెద్దమనిషి భార్యకి అందని వస్తువు, మందుగుండుతో పాటు, గుండుసూది.

ఇక రుమాలు. ఇక్కడ నాకు కొంచెం పక్షపాతం ఉంది, దాచుకోను.

అప్పటి రుమాలు జేబులో మడిచి పెట్టుకునేది మాత్రమే కాదు. పెద్ద చదరం. ఆడవాళ్ళు మూలగా మడిచి మెడచుట్టూ కప్పుకుని అంచులు గౌనులోకి దోపేవారు. నావికులు మెడకి కట్టుకునేవారు. తలకి చుట్టుకునేవారు. వర్జీనియా, దక్షిణ కరోలినా, న్యూయార్కు పత్రికల్లో వర్తకుల ప్రకటనలు చూస్తే ఇంగ్లీషు అక్షరాల్లో రొమాల్ అనే మాట కనిపిస్తుంది. మన రుమాలే. ఇంకో చోట పులికాట్ రుమాళ్ళు. సూళ్ళూరుపేట పక్కన సరస్సు, ఆ సరస్సు ఒడ్డున డచ్చివాళ్ళు 1613లో కోట కట్టుకున్న పులికాట్. రంగుతేరిన నూలుతో గళ్ళు నేసిన గుడ్డలు అక్కడి నుంచి, మచిలీపట్నం నుంచి, మద్రాసు నుంచి కంపెనీ ఓడల్లో లండన్ చేరేవి. ఎరుపు రంగు చిరివేరుది. ఇంగ్లండులో ఉన్నినేత వాళ్ళు గోల చేస్తే 1721లో పార్లమెంటు అద్దకపు నూలుబట్టలు తొడుక్కోవడాన్నే నిషేధించింది. వలస ప్రాంతాలకి పంపడాన్ని మాత్రం నిషేధించలేదు. అలా మన తీరపు గుడ్డ లండన్ వేలంలో కొనుక్కున్నవాళ్ళ చేతుల మీదుగా అట్లాంటిక్ దాటి, పొగాకు రైతు పద్దులోకి ఎక్కింది. పులికాట్ పేరు ఎంతగా పాతుకుపోయిందంటే 1780లలో గ్లాస్గో, పెయిస్లీ నేతగాళ్ళు అలాంటి గళ్ళ రుమాళ్ళే నేసి, వాటినీ ఆ పేరుతోనే అమ్ముకున్నారు.

చీరాలలో మా చిన్నమ్మ వాళ్ళ వీధిలో మగ్గం మీద రుమాళ్ళ తాను చూశాను, చిన్నప్పుడు. రుమాళ్ళు విడివిడిగా నెయ్యరు. ఒకే పొడుగు గుడ్డగా దిగుతాయి, ఒకదాని తర్వాత ఒకటి. అంచు గీతలు ఎక్కడ దగ్గరయ్యాయో చూసి అక్కడ కత్తెర వేస్తారు. వర్జీనియా కొట్లో గుమాస్తా కూడా తాను విప్పి, ఆ గీతల మధ్య కత్తిరించి ఇచ్చేవాడు. అతనికి పులికాట్ ఎక్కడుందో తెలుసో లేదో. ఎక్కడ కొయ్యాలో మాత్రం నేసినాయన గుడ్డమీదే చెప్పి పంపాడు. ఇంత దూరాన, ఈ వర్జీనియాలో నిలబడి, నాకు ఆ గీత తలుచుకుంటేనే గొంతు పట్టేసినట్టయింది.

ఈ రుమాళ్ళు తలకి చుట్టుకున్నవాళ్ళలో బానిసలుగా బతికిన ఆఫ్రికా ఆడవాళ్ళు ఉన్నారు. వాళ్ళ సంగతి చెప్పకుండా ఈ వ్యాసం ముగించలేను. యజమాని ఏడాదికి ఇచ్చేది ఓజ్‌నబర్గ్ అనే ముతక నార గుడ్డ, చలికాలానికి మొరటు ఉన్ని. దక్షిణ కరోలినాలో 1740 చట్టం బానిసలు ఏయే చవక గుడ్డలు కట్టుకోవచ్చో పేర్లతో సహా రాసింది. అంతకన్నా మంచిది ఒంటిమీద కనిపిస్తే గుంజుకోవచ్చు. అయినా వాళ్ళు తమకి వదిలిన కాస్త సమయంలో పెంచుకున్న కోళ్ళు, కూరలు, పత్తి కొట్టుకి తెచ్చి మార్చుకునేవారు. వర్జీనియా కొండప్రాంతం బెడ్‌ఫర్డ్‌లో జాన్ హుక్ అనే స్కాట్లండు వర్తకుడి చిట్టాలో సుకీ అనే బానిస స్త్రీ పేరుంది. ఆమె పత్తి ఇచ్చి ఒక అద్దం, కొంచెం రిబ్బను తీసుకుంది.

ఆ పద్దు గురించి చాలాసేపు ఆలోచించాను. తిండి గింజలు తీసుకోలేదు, కుండ తీసుకోలేదు. ముఖం చూసుకోవడానికి అద్దం, కట్టుకోవడానికి రిబ్బను. ఆమె ఒళ్ళు చట్టం ప్రకారం ఇంకొకరి ఆస్తి. ఆ ఒంటి మీద ఏముండాలో ఒక్క జానెడు మేర తను నిర్ణయించుకుంది. దాన్ని సోకు అంటే నేను ఒప్పుకోను. పారిపోయిన బానిసలని పట్టించమని యజమానులు పత్రికల్లో వేసిన ప్రకటనలు చదవండి. ఎత్తు, రంగు రాశాక బొత్తాలు ఏ లోహానివో, బకిళ్ళు ఏ రకమో, రుమాలు ఏ గళ్ళదో కూడా రాశారు. పారిపోయేటప్పుడు వెంట తీసుకెళ్ళినవి అవి. వాటితోనే మనిషిని గుర్తుపట్టవచ్చని యజమానికి కూడా తెలుసు.

ఇంకో సంగతి. ఆ చిట్టాల్లో సుకీ పేరు సుకీగానే ఉంది. పెళ్ళయిన తెల్ల ఆడవాళ్ళ పేర్లు చాలా చోట్ల అలా దొరకవు. ఆవిడే కొట్టుకెళ్ళి, ఆవిడే గళ్ళు ఎంచుకుని తెచ్చుకున్నా భర్త పేరు రాసి, పక్కన 'భార్య ద్వారా' అని రాసేవారు. అప్పటి చట్టంలో పెళ్ళయిన స్త్రీకి విడిగా ఖాతా ఉండేది కాదు మరి.

అప్పుల మాటేమిటి అని అడుగుతారు. నిజమే, వర్జీనియా రైతులు పీకల్దాకా మునిగారు. 1772లో స్కాట్లండులో బ్యాంకు కుప్పకూలి బజారులో అప్పు పుట్టకపోయేసరికి గ్లాస్గో వర్తకులు ఒక్కసారిగా బాకీలు వసూలు చెయ్యబోయారు. ఇక్కడి పొగాకు దొరలు తండ్రి నుంచి కొడుక్కి దిగే అప్పులతో లండన్ వర్తకుల ఆస్తుల్లా బతికారని, తనూ అలాంటి దొరే అయిన జెఫర్సన్ తర్వాత రాశాడు. కాని ఆ అప్పు దేనికైందో చూడాలి కదా. పొగాకు ధర లండన్‌లో, గ్లాస్గోలో తేలేది. బ్రిటను తప్ప ఇంకెక్కడికీ నేరుగా అమ్మకూడదని చట్టం. పీపా ఎక్కించిన రోజుకీ లెక్క వచ్చిన రోజుకీ మధ్య నెలలు గడిచేవి. దొరలు బళ్ళు, సారా, మనుషుల్ని కొనడానికి చేసిన అప్పులు వేరే. ఇవన్నీ పక్కనపెట్టి ఆ రోజుల్లోనే ఉపదేశాలు చెప్పినవాళ్ళు రిబ్బన్ల మీద, లేసుల మీద పడ్డారు. పద్దులో చిన్న అంకెలకి తిట్లు ఎక్కువ, ఎందుకంటే అవి తిరిగి మాట్లాడని వాళ్ళవి. మా ఇంట్లో పద్దు చదివిన రోజు జరిగింది కూడా ఇదే. నాన్న చెడ్డవాడు కాదు. వేలంలో ధర కట్టినవాణ్ణి ఏమీ అనలేడు, ఎరువుల కొట్టువాణ్ణి ఏమీ అనలేడు. రిబ్బను దొరికింది.

విలియమ్స్‌బర్గ్ నుంచి వచ్చిన వారం అమ్మకి ఫోన్ చేశాను. ఇదంతా చెప్పలేదు. ఆ రిబ్బను ఏ రంగే అమ్మా అని అడిగాను, ఊరికే.

"ఏ రిబ్బను?"

"పద్దులో రెండు మూరలు అని చదివేవాడు చూడు. నాన్న నిన్ను అన్నాడే, ఆ ఏడు."

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అంది, "నీలం. నీకే తెచ్చింది, అయిదో తరగతిలో స్కూలు వార్షికోత్సవానికి. రెండు జడలకి రెండు మూరలు ఎట్ట సరిపోద్దే? మూడు మూరలు తెచ్చా. కొట్టాయన భార్య కోసిచ్చింది. మూడో మూర రాయొద్దని ఆయనకి ఆవిడే చెప్పింది."